రేవతి కాళ్ళ కింద నేల

పోయిన వారం పెద్దాసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్నావిడ తుష్నాబాద్ నుంచి వచ్చింది. ఒళ్ళో అయిదారేళ్ళ కూతురు. ఆ పిల్ల కాళ్ళు రెండూ తడి తువ్వాళ్ళలా వేలాడుతున్నాయి. మా చెల్లెలు రేవతి మందుల కిటికీ దాకా నడిచి వెళ్ళి రావడం చూసి ఆవిడ నన్నడిగింది.

"మీ పాపకీ ఇదేనా జబ్బు? మరెలాగ నడిసింది? మీరెలాగ తట్టుకున్నారమ్మా?"

కొత్తవాళ్ళు పలకరిస్తే నాకు నోరు పెగలదు. "నెమ్మదిగా తగ్గుతుందండీ" అని మాత్రం అన్నాను. తిరుగు బోటెక్కి కూర్చున్నాక, చెప్పవలసిన మాటలన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. నాకెప్పుడూ అంతే. అందుకని రాస్తున్నాను. ఆవిడకి చదువు రాకపోతే ఎవరైనా చదివి వినిపిస్తారు. రోజూ డైరీ రాసే అలవాటుంది కాబట్టి ఏ నెలలో ఏమైందో తడుముకోనక్కరలేదు. ఇంత తెలుగు రాయగలగడం మాత్రం నాన్న చలవ. ఇక్కడ అండమాన్‌లో మా ఈడు వాళ్ళలో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాల దగ్గర ఆగిపోతారు.

మే, వానలకు ముందు

మా ఇల్లు హోప్ టౌన్‌లో, ఒడ్డుకి దగ్గర్లోనే. నాన్న అవతలి ఒడ్డున, పోర్ట్ బ్లెయిర్‌లో, పి.డబ్ల్యు.డి. గుమాస్తా. ఉదయం బోటుకి వెళ్ళి సాయంత్రం బోటుకి వస్తాడు. అమ్మ ఇక్కడే పుట్టింది. వాళ్ళమ్మ, అంటే మా అమ్మమ్మ, తాతయ్య పోయాక తిరిగి విశాఖపట్నం దగ్గర కొడుకు ఇంటికి వెళ్ళిపోయింది. ఇంట్లో మేం నలుగురం. నేను బడి చదువు ముగించి ఇంట్లో ఉంటున్నాను. దొరికిన పుస్తకమల్లా చదువుతాను. రేవతికి ఎనిమిదేళ్ళు. నేను ఎంత తక్కువ మాట్లాడతానో అది అంత ఎక్కువ మాట్లాడుతుంది. "మీ ఇద్దరి మాటలూ దేవుడు దానికే ఇచ్చేసేడు" అంటుంది అమ్మ.

మా ఇంటి ముందు కాస్త చదునైన మట్టినేల ఉంది. చుట్టుపక్కల ఆడపిల్లలందరూ అక్కడే తొక్కుడుబిళ్ళ ఆడతారు. పుల్లతో నేల మీద లోతుగా గళ్ళు గీస్తారు. బిళ్ళని గడిలోకి విసిరి, ఒంటికాలి మీద గెంతుతూ దాన్ని తన్నుకుంటూ బయటికి రావాలి. గీత తొక్కితే అవుట్. రేవతి బిళ్ళ, ఒడ్డుకి కొట్టుకొచ్చిన పగడపు రాయి ముక్క. రోజుల తరబడి బండకేసి అరగదీసి నున్నగా చేసుకుంది. పక్కింటి బెంగాలీ వాళ్ళమ్మాయి మౌసుమి దాని ప్రాణ స్నేహితురాలు. ఎదుటింటి షబ్నమ్ దాని ప్రాణానికి విరోధి. షబ్నమ్‌వాళ్ళు తరాలుగా ఈ ద్వీపం వాళ్ళే. ఆ పిల్ల ఎవరైనా గెంతుతుంటే గొంతుక్కూర్చుని, చెంప నేలకి ఆన్చి మరీ చూస్తుంది, గీత తొక్కారా లేదా అని.

మే నెలలో రేవతికి నాలుగు రోజులు జ్వరం, విరేచనాలు వచ్చి తగ్గాయి. తగ్గాక ఒకరోజు ఆట మధ్యలో ఇంట్లోకొచ్చి, "అక్కా, నేల మెత్తగా ఉంది" అంది.

"వాన పడిందా?"

"కాదు. పరుపు మీద నించున్నట్టుంది."

అమ్మ వంటగదిలోంచి అంది, "బిందె పట్టుకుని కుళాయి కాడికి ఎల్లమంటే నేల మెత్తగానే ఉంటాది మరి."

మేం ముగ్గురం నవ్వుకున్నాం. రెండు రోజులకి రేవతి బోటు దిగుతూ జెట్టీ మెట్ల మీద పడింది. ఆ తర్వాత రోజు మంచం మీంచి లేవలేకపోయింది.

జూన్, జూలై, ఆసుపత్రి

పోలియో అన్నారు వీధిలో. పోలియో కాదన్నారు ఆసుపత్రిలో. నరాలకి వచ్చే ఏదో జబ్బు, పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుందట. లేడీ డాక్టర్ నాన్నతో హిందీలో చెప్పింది. "ఇది సముద్రం పోటు లాంటిది. ఎక్కినంత దూరం ఎక్కుతుంది, ఆగుతుంది, తర్వాత దిగుతుంది. ఎక్కేటప్పుడు ఊపిరి దగ్గరకి రాకుండా చూసుకోవాలి, అంతే."

ఆ "అంతే" అన్న మాటని నేను ఆ నెలంతా మోశాను. మోకాళ్ళు పోయాయి. తొడలు పోయాయి. చేతులు బలహీనపడి గ్లాసు పట్టుకోలేకపోయింది. నర్సు గంటగంటకీ వచ్చి, ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు చెప్పగలదో చెప్పించేది. రేవతి అది కూడా పందెం అనుకుంది. "అక్కా, నువ్వూ సెప్పు, ఎవరు గెలుస్తారో సూద్దాం" అనేది. దానికంటే ముందే ఆపేసేదాన్ని. నేను కావాలని ఆపుతున్నానని దానికి తెలిసేది. "నువ్వు దొంగాట ఆడుతున్నావు" అని కోప్పడేది.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరండాలో బల్లల మీద మాలాంటి వాళ్ళే. ఎవరెవరో తెలియదు, ఏ ఊళ్ళో తెలియదు, కానీ ఎవరి ఇంటి నుంచి టిఫిన్ డబ్బా వస్తే అది అందరిదీ. ఒక రాంచీ ఆవిడ తన మనవరాలి మంచం పక్క నుంచి లేచి వచ్చి, మా అమ్మ జడ విప్పి నూనె రాసి మళ్ళీ అల్లింది. ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది.

ఇంట్లో పెద్ద గొడవ అప్పుడే మొదలైంది. అమ్మమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది, పిల్లని వెంటనే తీసుకొచ్చేయమని, విశాఖపట్నంలో పెద్ద డాక్టర్లున్నారని. నాన్న ఎవరెవరినో పట్టుకుని షిప్పు టిక్కెట్లు సంపాదించాడు. మర్నాడు లేడీ డాక్టర్‌తో మాట్లాడి తిరిగి ఇచ్చేశాడు.

"నడి సముద్రంలో దానికి ఊపిరి అందకపోతే ఏం చేస్తాం?" అన్నాడు వరండా చివర నిలబడి.

"ఇక్కడుండి ఏటి సేస్తన్నాం? సూస్తన్నాం. అంతే కదా" అంది అమ్మ.

"చూడడమే వైద్యం అంటోంది ఆవిడ."

"ఆవిడ కూతురైతే అలాగంటాదేటి?"

షిప్పు బయల్దేరిన రోజున కూత ఆసుపత్రి దాకా వినిపించింది. అమ్మ వరండా కమ్మీ పట్టుకుని అది ఆగేదాకా నిలబడింది. ఆ తర్వాత చాలా రోజులు నాన్నకి అన్నం వడ్డించింది గానీ, మాట వడ్డించలేదు. ఏమైనా చెప్పాలంటే నాతో చెప్పేది. "మీ నాన్నని గొడుగు తీసుకెల్లమను." నాన్న పక్కనే ఉండేవాడు. "తీసుకెళ్తానని చెప్పు" అనేవాడు. ఇంట్లో అతి తక్కువ మాట్లాడే నేను వాళ్ళిద్దరి తరఫునా మాట్లాడాల్సి వచ్చింది. రేవతి మంచం మీంచి ఇదంతా విని, "అక్కకి మాటలొచ్చేయి" అంది.

పోటు ఛాతీ దాకా రాలేదు. చేతుల దాకా వచ్చి ఆగింది. ఆగిందని డాక్టర్ చెప్పిన సాయంత్రం అమ్మ టిఫిన్ డబ్బా సర్దుతూ, నాన్న వైపు చూడకుండానే, "ఆ చొక్కా ఏటి అలాగ మాసిపోయింది, విప్పి ఇవ్వండి" అంది. మా ఇంట్లో రాజీ అంటే అదే.

ఆగస్టు, సెప్టెంబరు

ఇంటికి తెచ్చాక వారానికి రెండుసార్లు వ్యాయామానికి ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చేది. వెళ్ళాలంటే బోటెక్కాలి. పోటు మీద బోటు జెట్టీతో సమానంగా ఉంటుంది, ఆటు మీద కిందికి దిగిపోతుంది. బోటుకీ జెట్టీకీ మధ్య సందులో నల్లటి నీళ్ళు ఊగుతుంటాయి. ఇక్కడి పిల్లలు ఆ సందుని చూడకుండానే దాటతారు. రేవతిని నాన్న ఎత్తుకునేవాడు. బోటు మీద తాళ్ళు చూసే భయ్యా మమ్మల్ని దూరాన్నించి చూడగానే తాడు ఇంకో చుట్టు చుట్టి బిగించేవాడు. మా వల్ల బోటు ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనేవారు కాదు.

పిల్లలు మాత్రం రాలేదు. అంటుకుంటుందేమోనని తల్లులు భయపడ్డారు. వాళ్ళని తప్పు పట్టలేను. మౌసుమి కిటికీ అవతల నిలబడి పువ్వులో, గవ్వలో లోపలికి విసిరి పారిపోయేది. రేవతి బిళ్ళని తలగడ కింద పెట్టుకుని, బయట ఎవరు గెంతుతున్నారో చప్పుడుని బట్టి చెప్పేది. "అది షబ్నమ్. అది పడింది సూడు. ఇప్పుడు దెబ్బలాడతాది." సరిగ్గా దెబ్బలాట వినిపించేది.

బలం పైనుంచి కిందికి దిగుతూ వచ్చింది, డాక్టర్ చెప్పినట్టే. గ్లాసు పట్టుకుంది. కూర్చుంది. గోడ పట్టుకుని నిలబడింది. పాదాలే అన్నిటికంటే వెనకపడ్డాయి. డాక్టర్ దాన్ని కళ్ళు మూసుకోమని దూదితో అరికాలు తాకి, "తెలుస్తోందా?" అని అడిగేది. రేవతి వెంటనే "ఆఁ" అనేది. ఒకరోజు అలాగే "ఆఁ" అంది. డాక్టర్ నవ్వి, "బేటీ, అభీ తో ఛువా భీ నహీఁ" అంది. ఇంకా తాకనే లేదు.

రేవతి కళ్ళు తెరిచి ముందు చూసింది డాక్టర్ వైపు కాదు, అమ్మ మొహం వైపు. అప్పుడర్థమైంది నాకు. అది ఇన్నాళ్ళూ తన కాళ్ళని కాదు, మా మొహాల్ని చదువుతోంది. మాకేం కావాలో అదే చెబుతోంది. అలాంటి పిల్ల మీ ఇంట్లో ఉంటే, "బాగుందా?" అని అడిగేటప్పుడు మీ మొహం ఎలా ఉందో చూసుకోండి. నేనూ చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

పూజా సెలవులు

దుర్గాపూజ సెలవులు వచ్చేసరికి చెయ్యి పట్టుకోకుండా నడిచింది. పాదాల కింద నేల తెలియదు కాబట్టి కాళ్ళ వైపు చూసుకుంటూ నడిచేది. తల ఎత్తితే తూలేది. ఆ సెలవుల్లోనే మొదటిసారి బోటులోకి తనే అడుగేసింది. నాన్న చేతులు చాచి నిలబడ్డాడు గానీ ముట్టుకోలేదు. భయ్యా తాడు పట్టుకుని పక్కకి చూస్తున్నాడు. బోటు నిండా జనం. ఒక్కరూ దాని వైపు చూడలేదు. అందరూ ఏదో పనున్నట్టు సముద్రం వైపే చూశారు. అడుగు పడ్డాక ఒక ముసలాయన దగ్గి, గొంతు సవరించుకుని, "చలో భాయ్" అన్నాడు. బోటు కదిలింది.

ఆ సాయంత్రం అమ్మ ఇంటింటికీ వెళ్ళింది. జబ్బు అంటుకోదని డాక్టర్ చెప్పిన మాట చెప్పి, పిల్లల్ని ఆటకి పంపమని అడిగింది. ఇంకో మాట కూడా చెప్పింది. "మా రేవతిని ఆటలో అరటిపండు చేసుకోమనండి."

తెలుగు పిల్లలకి వేరే చెప్పనక్కరలేదు. మరీ చిన్నవాళ్ళని ఆటలో కలుపుకుంటారు గానీ లెక్కలోకి తీసుకోరు. వాళ్ళు అవుట్ అవరు, వాళ్ళని ఎవరూ ఏమీ అనరు. దాన్నే అరటిపండు అంటాం. మౌసుమివాళ్ళింట్లో దాన్నే దూధ్ భాత్ అంటారని తెలిసింది. షబ్నమ్‌వాళ్ళింట్లో కచ్చా నింబూ. ఏ ఇంట్లోనూ అమ్మ వివరంగా చెప్పాల్సిన పని లేకపోయింది. ఇన్ని రకాల జనం ఉన్న వీధిలో ఈ ఒక్క దయకి అందరి దగ్గరా పేరుందని నాకు ఎంతో ముచ్చటేసింది. డైరీలో ఒక పేజీ నిండా రాసుకున్నాను.

మర్నాటి నుంచి పిల్లలొచ్చారు. రేవతి రెండు కాళ్ళతో గెంతింది, గీతలు తొక్కింది, పడింది. ప్రతిసారీ అందరూ "శభాష్" అన్నారు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, లోపలికొచ్చి కళ్ళు తుడుచుకుంది.

షబ్నమ్ ఒక్కర్తే లేచి గౌను దులుపుకుంది. "యే ఖేల్ నహీఁ హై" అని ఇంటికెళ్ళిపోయింది. ఇది ఆట కాదట. ఆ పిల్లది రాతి గుండె అనుకున్నాను.

డిసెంబరు

డిసెంబరుకి రేవతి ఒంటికాలి మీద రెండు గళ్ళు గెంతగలిగేది. అయినా ఆటకి వెళ్ళడం మానేసింది. గుమ్మం మెట్టు మీద కూర్చుని బిళ్ళని అరచేతిలో తిప్పుతూ ఉండేది. అన్నం దగ్గర ఊరికే కోపం. బడిలో ఎవరితోనూ మాట్లాడటం లేదని టీచర్ చెప్పి పంపింది. కాళ్ళు తిరిగి వస్తున్నాయి, పిల్ల ఎటో వెళ్ళిపోతోంది. జూన్‌లో పడ్డ భయం కంటే ఇది నన్ను ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే దీనికి ఊపిరి లెక్కపెట్టే నర్సు లేదు.

"ఆడుకోవేటే?" అంది అమ్మ.

"కాళ్ళు నొప్పి."

అమ్మ లోపలికెళ్ళాక నేను పక్కన కూర్చున్నాను. మాట్లాడకుండా కూర్చోవడం నాకు బాగా వచ్చు. ఆ ఒక్కసారి అది అక్కరకొచ్చింది.

"నన్ను ఆడనివ్వటం లేదక్కా."

"అదేంటి? రోజూ పిలుస్తున్నారు కదా."

"పిలుస్తారు. నేను గెంతుతాను. ఎలాగ గెంతినా గెలిచేవు అంటారు. పడిపోయినా గెలిచేవు అంటారు." బిళ్ళని మెట్టు మీద పెట్టేసింది. "మౌసుమి కూడా."

నాకు ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది. ఊపిరి పందెంలో నేను కావాలని ఓడిపోతే అది పడ్డ కోపం గుర్తొచ్చింది. అమ్మతో చెప్పి చూశాను. "మళ్ళీ పడి దెబ్బ తగిలితే? ఎవత్తైనా తోసేస్తే? నీకేటి తెలుసు, నువ్వు పుస్తకాల్లోంచి సెప్తావు" అంది. అమ్మ ఆ షిప్పు కూత ఇంకా వింటూనే ఉందని నాకు తెలుసు.

మాట్లాడాల్సిన చోటు వేరే ఉంది. అక్కడికి వెళ్ళడానికి నాకు నెల పట్టింది.

జనవరి చివర

కుళాయి దగ్గర షబ్నమ్ ఒక్కర్తే బిందె పెట్టుకుని నిలబడి ఉంది. పదేళ్ళ పిల్లని పలకరించడానికి ముందు నా బిందె రెండుసార్లు కడిగాను.

"షబ్నమ్, నువ్వు రేవతితో ఆడవా?"

"ఆంటీ నే మనా కియా హై, దీదీ. అవుట్ అనొద్దన్నారు." మా వీధిలో ఆడీ ఆడీ దానికి సగం తెలుగొచ్చు. "అవుట్ లేకపోతే ఏం ఆట?"

"నేను చెప్తున్నాను. తొక్కితే అవుట్ అను."

అది నన్ను అనుమానంగా చూసింది. "పక్కా? అది ఏడుస్తుంది. ఆంటీ నన్ను తిడతారు."

"తిడితే నన్ను తిడతారు."

"ఆప్‌కో?" అని నవ్వింది. "మీరు మాట్లాడరు కదా, దీదీ. మిమ్మల్నెవరు తిడతారు?"

బిందె ఎత్తుకుని వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "రేవతి మంచిగా గెంతేది. నేను రోజూ ఓడిపోయేదాన్ని." ఆ మాట చెప్పడం దానికిష్టం లేనట్టు తొందరగా నడిచింది.

ఆ సాయంత్రం షబ్నమ్ మా గుమ్మం ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏయ్ రేవతీ, నా బారీ ముందు, తర్వాత నీది. తొక్కితే అవుట్. ఆనా హై తో ఆ, వస్తే రా."

రేవతి ఒక్క క్షణం దాన్ని చూసి, బిళ్ళ తీసుకుని లేచింది.

మూడో గడిలో జరిగింది. నేను కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని ఉన్నాను, చదవడం లేదు. రేవతి ఒంటికాలి మీద మొదటి గడి, రెండో గడి దాటింది. మూడో గడిలో కాస్త తూలి నిలదొక్కుకుంది. నేల మీద చెంప ఆన్చి చూస్తున్న షబ్నమ్ ఎగిరి గంతేసింది.

"లైన్! లైన్ పే పాఁవ్! అవుట్!"

మౌసుమి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తొక్కలేదు" అంది రేవతి.

"తొక్కావు."

"తొక్కలేదే!"

"ఝూఠీ. మట్టి చూడు, ఎలా విరిగిందో."

"అది నీ కాలే, నీ ఏనుగు కాలు!"

ఆ తర్వాత ఎవరి జడ ఎవరి చేతిలో ఉందో నాకు తెలియలేదు. ఎవరూ "శభాష్" అనలేదు. మిగతా పిల్లలు రెండు జట్లుగా చీలి అరుస్తున్నారు. నెలల తర్వాత మా ఇంటి ముందు ఆట ఆటలా వినిపించింది. అమ్మ గరిటెతో బయటికి పరిగెత్తుకొచ్చేసరికి రేవతి రిబ్బను ఊడిపోయి, మోకాలు గీరుకుపోయి, మొహం ఎర్రగా చేసుకుని ఇంట్లోకి నడిచి వస్తోంది. తల ఎత్తుకుని, కాళ్ళ వైపు చూసుకోకుండా.

"ఎవత్తే నిన్ను కొట్టింది? ఆ షబ్నమేనా? ఆ పిల్లకి సెప్పేను కదా నేను, ఇంటికెల్లి మరీ సెప్పేను." అమ్మ గరిటె నా చేతిలో పెట్టి చీర కుచ్చిళ్ళు దోపుకుంది. "ఉండు, వాళ్ళమ్మనే అడుగుతాను."

నేను చెప్పేద్దామని నోరు తెరిచాను. రేవతి ముందే అమ్మ కొంగు పట్టుకుంది.

"వద్దమ్మా. ఎల్లకు."

"ఏం?"

"తొక్కేను."

"అది సెప్తే నువ్వు ఒప్పేసుకోవడమేనా? నువ్వు సూసేవా?"

"సూడలేదు." రేవతి గోడకి ఆనుకుని కుడికాలు పైకెత్తి, మట్టి అంటిన అరికాలుని మా ఇద్దరికీ చూపించింది. మడమకి కాస్త ముందు వేలు పెట్టింది. "ఇక్కడ తగిలింది గీత. మట్టి ఇలాగ లేచి ఉంది కదా, అది గుచ్చుకుంది. షబ్నమ్‌తో సెప్పకండి."

అమ్మ కింద కూర్చుంది. ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, మట్టి తుడుస్తున్నట్టుగా అరికాలు మీద బొటనవేలితో నెమ్మదిగా ఒక గీత గీసింది. రేవతి కాలు లాక్కుంది.

"గిలి పెట్టకమ్మా."

అమ్మ దాని మొహంలోకి చూసింది. అది అమ్మ మొహం వైపు చూడటం లేదు. వీధిలో ఇంకా గెంతుతున్న చప్పుడు వైపు చెవి పెట్టి ఉంది.

అమ్మ లేచి, దోపుకున్న కుచ్చిళ్ళు జార్చి, నా చేతిలోంచి గరిటె తీసుకుంది. వంటగదిలోకి వెళ్తూ, "అయితే రేపు సరిగ్గా గెంతు" అంది.